మింగిన ముద్దకు దారి ఎవరు విడుస్తారు?

మా పెద్దమ్మది పరకాల దగ్గర ఊరు. నాలుగేళ్ళ కింద ఒక పండుగకు ఇంటిల్లిపాదీ అక్కడే ఉన్నాం. పొయ్యి మీద సర్వపిండి కాలుతోంది. శనగపప్పు, పల్లీలు, నువ్వులు, కరివేపాకు పడి, అడుగు ఎర్రగా కాలి, విరిస్తే కరకరమంటుంది. పెద్దమ్మ ఒక ముక్క నోట్లో వేసుకొని బాగా నమిలి మింగింది. మింగాక ఆమె మాట ఆగిపోయింది. లేచి నిలబడింది. గోడకు ఆనుకొని, రెండు చేతులూ పైకెత్తి దించి, చెంబుతో నీళ్ళు తాగింది. ఆ నీళ్ళూ దిగలేదు. రొమ్ము మధ్యలో అరచెయ్యి పెట్టుకొని వాకిట్లోకి పోయి అటూ ఇటూ నడిచింది. రెండు మూడు నిమిషాల తర్వాత ఊపిరి పీల్చుకొని, "దిగింది బిడ్డా. రోజూ ఇంతే. బువ్వ ఈడ్నే ఆగుతాంది" అన్నది.

ఆ "రోజూ" అప్పటికి ఏడాదిన్నరగా నడుస్తోంది. మొదట చూపించుకున్న చోట గ్యాస్ ట్రబుల్ అన్నారు. ఇంకోచోట టెన్షన్ అన్నారు. పరగడుపున వేసుకునే గోలీలు ఒక సంచి నిండా పోగయ్యాయి. రాత్రి పడుకుంటే తిన్నది తిన్నట్టే నోట్లోకి వచ్చేది, దిండు తడిసేది, దగ్గు తెరలు తెరలుగా వచ్చేది. జాకెట్లు వదులయ్యాయి. నోట్లోకి వచ్చిన తిండిలో పులుపు ఉండేది కాదు. అదే అసలు ఆనవాలని నాకు తర్వాత అర్థమైంది. కడుపులోకి పోయి వెనక్కి వచ్చిన తిండైతే పుల్లగా, చేదుగా ఉంటుంది. ఇది కడుపు గడప తొక్కనే లేదు.

నేను హనుమకొండలో ఇంటర్ పిల్లలకు జువాలజీ చెప్తాను. జీర్ణవ్యవస్థ పాఠంలో ఒక వాక్యం ఏటా చెప్పేదాన్ని: "ఆహారవాహిక చివర ఉన్న సంవరణి కండరం తెరుచుకుంటుంది, ఆహారం జీర్ణాశయంలోకి వెళ్తుంది." తెరుచుకుంటుంది అని చెప్పి ముందుకు పోయేదాన్ని. ఎవరు తెరుస్తారు, దేనితో తెరుస్తారు అని పిల్లలెవరూ అడగలేదు. పెద్దమ్మ వాకిట్లో నడుస్తున్నప్పుడు నా మనసులో తిరిగింది ఆ ఒక్క క్రియే.

దీనికి జవాబు శాస్త్రానికి కూడా చాలా ఆలస్యంగా, 1989-90 ప్రాంతంలో గాని దొరకలేదు. జవాబు ఇది: ఆ కండరాన్ని తెరిచేది ఒక నరం. అది వాడే పనిముట్టు ఒక వాయువు, నైట్రిక్ ఆక్సైడ్.

కండరం బిగుసుకోవడం పని, వదులు కావడం ఆ పని ఆగిపోవడం అని మనం అనుకుంటాం. పిడికిలి విషయంలో అది నిజమే. బిగించమనే ఆదేశం ఆగితే వేళ్ళు వాటంతట అవే వదులవుతాయి. లోపలి కండరాల లెక్క వేరు. మా వైపు చెరువు కింద సాగు చేసినవాళ్ళకు తూము సంగతి చెప్పనక్కరలేదు. మూసిన మనిషి ఇంటికి పోయినంత మాత్రాన తూము తెరుచుకోదు. నీళ్ళు వదిలే నీరటి వచ్చి లేపాలి. అప్పుడే కాలువలోకి నీళ్ళు వస్తాయి. ఆహారవాహిక అడుగున ఉన్నదీ అలాంటి తూమే. దానికీ ఒక నీరటి ఉండాలి.

ఆహారవాహిక దాదాపు 25 సెంటీమీటర్ల గొట్టం. అది కడుపులో కలిసేచోట కండరం ఉంగరంలా చుట్టుకొని రాత్రీ పగలూ బిగిసే ఉంటుంది. లేకపోతే కడుపులోని ఆమ్లం పైకి ఎగదన్నుతుంది. మనం గుటక వేసిన రెండు సెకన్లలోపే ఆ ఉంగరం పట్టు విడుస్తుంది. అప్పటికి ముద్ద ఇంకా పైనే ఉంటుంది. అది సెకనుకు మూడు నాలుగు సెంటీమీటర్ల వేగంతో కిందికి వచ్చేదాకా ఆరు నుంచి ఎనిమిది సెకన్లు తలుపు తీసే ఉంటుంది. ముద్ద దాటాక మళ్ళీ బిగుసుకుంటుంది. ఇందులో గమనించాల్సింది వరుస. ముద్ద వచ్చి తోస్తే తెరుచుకునే తలుపు కాదిది. ముద్ద రాకముందే తెరవమని కబురు అందుతోంది.

ఇక్కడ ఒక మాట చెప్పుకోవాలి. మన వాడుకలో నరం అంటే రక్తనాళం కూడా. "నరానికి సూది వేశారు", "చేతి నరాలు ఉబ్బాయి" అంటాం. ఈ వ్యాసంలో నరం అంటే మెదడు, వెన్నుపాము, పేగుల గోడల్లో ఉండే నాడీకణాల తీగ మాత్రమే. రక్తం పారే గొట్టాన్ని రక్తనాళమనే అంటాను. ఈ రెండూ కలగాపులగమైతే ముందుకు పోయేకొద్దీ చిక్కుపడుతుంది.

పేగులు, రక్తనాళాలు, మూత్రాశయం, గర్భాశయం, ఊపిరి గొట్టాలు, వీటి గోడల్లో ఉండేది నునుపు కండరం. చేతి కండలాగా దీన్ని మనం అనుకొని ఆడించలేం. ఇది నెమ్మదిగా బిగుసుకుంటుంది, తక్కువ శక్తితో గంటల తరబడి అలాగే ఉండగలదు. దీనికి రెండు రకాల నరాలు అందుతాయి. ఒకటి బిగించమంటుంది, రెండోది విడవమంటుంది. పేగులో ఈ రెండూ ఒకేసారి పనిచేయడాన్ని 1899లో లండన్‌లో బేలిస్, స్టార్లింగ్ అనే ఇద్దరు శాస్త్రవేత్తలు కుక్క పేగు మీద చూపించారు. లోపల ఉన్న ముద్దకు వెనక భాగం బిగుసుకుంటుంది, ముందు భాగం వదులవుతుంది. వెనక నుంచి తోయడం ఎంత ముఖ్యమో, ముందు దారి విడవడం అంతే ముఖ్యం. ముందు వదలకుండా వెనక బిగిస్తే మిగిలేది నొప్పి.

బిగించే నరాల రసాయనాలు తొందరగానే దొరికాయి. అసిటైల్‌కోలిన్ ఒకటి, నార్‌అడ్రినలిన్ ఒకటి. చాలా ఏళ్ళపాటు శరీరం లోపలి నరాలన్నీ ఈ రెండు జట్లలోవేనని అనుకున్నారు. 1960ల మొదట్లో మెల్‌బోర్న్‌లో జెఫ్రీ బర్న్‌స్టాక్ బృందం గినీపంది పేగు కండరం మీద ఒక పరీక్ష చేసింది. ఆ రెండు రసాయనాల పనినీ మందులతో అడ్డుకొని నరాన్ని కరెంటుతో తట్టారు. ఏమీ జరగకూడదు. కండరం వదులైంది. అంటే మూడో జట్టు ఒకటి ఉంది. దానికి పెట్టిన పేరు చూస్తే అప్పటి పరిస్థితి తెలుస్తుంది: "అడ్రినలిన్ తరహావి కానివి, కోలిన్ తరహావీ కానివి." ఏమి కావో చెప్పే పేరు తప్ప ఏమిటో చెప్పే పేరు దొరకలేదు. బర్న్‌స్టాక్ మాత్రం ఆ నరం కబురు మోసే దూత, కణాలకు శక్తినిచ్చే ఏటీపీ అణువేనని పట్టుబట్టాడు. ఆయన మాటలో నిజముంది. పేగులో ఏటీపీ కూడా పనిచేస్తుందని ఇవాళ తెలుసు. అది చటుక్కున వచ్చి చటుక్కున పోయే మొదటి తట్టు. దాని వెనక వచ్చే నిలకడైన సడలింపుకు కారణం వేరే ఉంది.

ఆ రెండోదాన్ని వెంటాడినవాళ్ళలో గ్లాస్గోకు చెందిన జాన్ గిలెస్పీ పని నాకు చాలా ఇష్టం. ఆయన ఎంచుకున్నది ఎలుక తోక ఎముకకూ మలద్వారానికీ మధ్య ఉండే సన్నని కండరం. దాన్ని విడదీసి, రెండు కొసలకూ దారం కట్టి, ఆక్సిజన్ బుడగలు వదులుతున్న వెచ్చని ఉప్పునీటి గ్లాసు తొట్టిలో వేలాడదీస్తారు. ఒక దారం కిందికి కట్టి ఉంటుంది, ఇంకోటి లాగుడును కొలిచే మీటకు. కండరం బిగుసుకుంటే కాగితం మీద గీత పైకి లేస్తుంది, వదిలితే కిందికి జారుతుంది. ముందుగా మందు వేసి కండరాన్ని బిగించి గీతను పైన నిలబెడతారు. తర్వాత తెలిసిన రెండు జట్ల నరాలనూ మందులతో నోరు మూయించి, సెకనుకు కొన్నిసార్ల చొప్పున కరెంటు తట్టు ఇస్తారు. గీత జారిపోతుంది. తట్టు ఆపితే మెల్లగా తిరిగి పైకి వస్తుంది. 1970ల నుంచి ఆ గీత జారుతూనే ఉంది. జార్చేది ఏమిటో తెలియదు. ఒక్క ఆనవాలు మాత్రం చిక్కింది: తొట్టిలో హిమోగ్లోబిన్ కలిపితే గీత జారడం ఆగిపోయేది. నరం వదిలినదాన్ని రక్తంలోని ఎర్రపదార్థం మింగేస్తోంది. హిమోగ్లోబిన్ ఇష్టంగా పట్టుకునేవి ఆక్సిజన్, కార్బన్ మోనాక్సైడ్ లాంటి చిన్న చిన్న వాయువులు. ఇప్పుడు వెనక్కి చూస్తే ఆధారం కళ్ళముందే ఉన్నట్టు అనిపిస్తుంది. అప్పుడు నరం వాయువును వదులుతుందని ఊహించడానికే దారి లేదు.

దారి రక్తనాళాల వైపు నుంచి వచ్చింది. న్యూయార్క్‌లో రాబర్ట్ ఫర్చ్‌గాట్ కుందేలు బృహద్ధమని ముక్కల మీద పనిచేసేవాడు. బతికున్న జంతువులో అసిటైల్‌కోలిన్ రక్తనాళాలను వెడల్పు చేస్తుంది. ఆయన తొట్టిలో మాత్రం ఆ ముక్కలు బిగుసుకునేవి. లోపలి పలుచని పొర ముక్కలు కోసేటప్పుడు రాపిడికి ఊడిపోతోందని, ఆ పొర ఉంటేనే కండరం వదులవుతుందని 1980లో ఆయన, తోటి పరిశోధకుడు జవాడ్‌స్కీ కలిసి ప్రచురించారు. ఆ పొర ఏదో పదార్థాన్ని వదులుతోందన్న మాట. 1987లో లండన్ దగ్గర సాల్వడార్ మొన్‌కాడా బృందం అది నైట్రిక్ ఆక్సైడే అని కొలిచి చూపించింది. ఫర్చ్‌గాట్, లూయీ ఇగ్నారో అంతకు ఏడాది ముందే విడివిడిగా అదే ప్రతిపాదించారు. 1998 నోబెల్ ఫర్చ్‌గాట్, ఇగ్నారో, ఫెరిద్ మురాద్‌లకు వచ్చింది. మొన్‌కాడాకు రాకపోవడం అన్యాయమని అప్పుడే చాలామంది అన్నారు. నా అభిప్రాయమూ అదే.

మొన్‌కాడా బృందం చేతికి ఒక పనిముట్టు వచ్చింది. శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్ తయారయ్యేది ఆర్జినైన్ అనే అమైనో ఆమ్లం నుంచి. ఆర్జినైన్ లాగే కనిపించి, ఎంజైమ్‌లో ఇరుక్కొని పని ఆపేసే నకిలీ అణువు ఉంది. 1989లో గిలెస్పీ బృందం ఆ నకిలీని తమ తొట్టిలో వేసి నరాన్ని తట్టింది. గీత జారలేదు. అసలు ఆర్జినైన్ ఎక్కువగా పోశారు. గీత మళ్ళీ జారింది. ఏళ్ళ తరబడి అందని దూత నైట్రిక్ ఆక్సైడ్ అని ఆ రెండు గీతలు చెప్పాయి. మరుసటి ఏడాది బెల్జియంలో ఒక బృందం కుక్క చిన్నపేగు, పెద్దపేగు కలిసేచోట నరాలు ఈ వాయువును వదలడాన్ని పట్టుకుంది. అదే 1990లో అమెరికాలో బ్రెడ్ట్, స్నైడర్‌లు ఆ ఎంజైమ్ పేగు గోడ నాడీకణాల్లోనే ఉందని రంగు పట్టించి చూపారు. రక్తనాళం పొరలో ఉండే ఎంజైమ్ వేరు, నరంలో ఉండే ఎంజైమ్ వేరు. చేసే వాయువు ఒకటే.

ఇక అసలు పని ఎలా జరుగుతుందో చూద్దాం.

నైట్రిక్ ఆక్సైడ్ అంటే ఒక నైట్రోజన్ పరమాణువు, ఒక ఆక్సిజన్ పరమాణువు, అంతే. ఆపరేషన్ థియేటర్‌లో మత్తుకు వాడే నవ్వించే గ్యాస్ ఇది కాదు. అది నైట్రస్ ఆక్సైడ్, దానిలో నైట్రోజన్లు రెండు. బండ్ల పొగలో, పిడుగు పడినప్పుడు గాలిలో పుట్టేది మాత్రం ఇదే. వాయువు అనగానే పేగులో బుడగలు ఊహించుకోవద్దు. చెరువు నీళ్ళలో ఆక్సిజన్ కరిగి ఉండి చేపకు అందినట్టు, ఇది కూడా ఒంటి నీళ్ళలో కరిగే ఉంటుంది. మనం తేన్పులతో వదిలే గ్యాస్‌కూ దీనికీ ఏ సంబంధమూ లేదు.

మామూలు నాడీ దూతలు ముందే తయారై, నరం కొసలో చిన్న చిన్న తిత్తుల్లో నిల్వ ఉంటాయి. కబురు రాగానే తిత్తులు పగులుతాయి, దూత బయటికి వచ్చి ఎదుటి కణం పైపొర మీద తనకోసం ఉన్న తాళంలో తాళంచెవిలా కూర్చుంటుంది. నైట్రిక్ ఆక్సైడ్‌తో ఇది కుదరదు. దాన్ని ఏ తిత్తిలోనూ బంధించలేం. కొవ్వుతో చేసిన కణం పొరలు దానికి అడ్డే కాదు, గుడ్డలోంచి నీళ్ళలా దాటిపోతుంది. తాళం కప్ప కూడా అక్కరలేదు, నేరుగా కండరం లోపలికే పోతుంది. అందుకని నరం దీన్ని నిల్వ చేయదు. కావలసినప్పుడు అప్పటికప్పుడు తయారుచేస్తుంది. అదుపంతా తయారీ దగ్గరే ఉంది.

నరం వెంట విద్యుత్ కబురు కొస దాకా వస్తుంది. కొసలో కాల్షియం తలుపులు తెరుచుకొని కాల్షియం లోపలికి దూకుతుంది. అది కాల్‌మాడ్యులిన్ అనే ప్రోటీన్‌ను పట్టుకుంటుంది. ఆ జంట పోయి నైట్రిక్ ఆక్సైడ్ సింథేజ్ అనే ఎంజైమ్ మీద కూర్చోగానే ఎంజైమ్ మేలుకుంటుంది. ఆర్జినైన్‌ను, మనం పీల్చిన ఆక్సిజన్‌ను తీసుకొని సిట్రులిన్‌ను, నైట్రిక్ ఆక్సైడ్‌ను ఇస్తుంది. సిట్రులిన్‌కు ఆ పేరు పుచ్చకాయ శాస్త్రీయ నామం నుంచి వచ్చింది. ఆర్జినైన్ పల్లీల్లో, నువ్వుల్లో బాగా ఉంటుంది. పెద్దమ్మ గొంతు దిగని ఆ సర్వపిండి ముక్కలో ముడిసరుకు దండిగా ఉంది. లేనిది దాన్ని వాయువుగా మార్చే నరం. కబురు ఆగితే కాల్షియం తగ్గుతుంది, ఎంజైమ్ నిద్రపోతుంది, తయారీ ఆగుతుంది.

వాయువు పుట్టిన చోటి నుంచి అన్ని వైపులకూ పాకుతుంది. కొన్ని సెకన్లకు మించి బతకదు. పక్కన రక్తనాళం ఉంటే హిమోగ్లోబిన్ దాన్ని పట్టేసుకుంటుంది. గిలెస్పీ తొట్టిలో జరిగిందీ ఇదే. అందుకే ఈ కబురు ఊరంతా పాకదు, పక్కింటికి మాత్రం చేరుతుంది. పేగులో కొంత కబురు నేరుగా కండరానికి కాకుండా, కండర కణాల మధ్య అల్లుకొని ఉండే కాహాల్ కణాల ద్వారా కూడా అందుతుంది.

కండర కణంలో ఈ వాయువు కోసం ఎదురుచూసేది గ్వానిలేట్ సైక్లేజ్ అనే ఎంజైమ్. దాని నడుమ ఒక ఇనుప పరమాణువు ఉంటుంది, రక్తాన్ని ఎర్రగా ఉంచే హీమ్‌లో ఉన్నట్టే. నైట్రిక్ ఆక్సైడ్ వచ్చి ఆ ఇనుము మీద కూర్చోగానే రెండో వైపున ఇనుమును పట్టుకొని ఉన్న బంధం తెగుతుంది, ఎంజైమ్ ఆకారం మారుతుంది, దాని వేగం కొన్ని వందల రెట్లు పెరుగుతుంది. అది కణంలో ఉండే జీటీపీ అనే అణువును సైక్లిక్ జీఎంపీ అనే మరో అణువుగా మారుస్తుంది. ఇక్కడితో వాయువు పని అయిపోయింది. ఇక్కడి నుంచి పని సైక్లిక్ జీఎంపీది. అది ప్రోటీన్ కైనేజ్ జీ అనే మరో ఎంజైమ్‌ను లేపుతుంది.

ఆ కైనేజ్ ఏం చేస్తుందో తెలియాలంటే కండరం పట్టు ఎలా పడుతుందో తెలియాలి. నునుపు కండరంలో కాల్షియం పెరిగితే అది కాల్‌మాడ్యులిన్‌తో కలిసి మయోసిన్ అనే ప్రోటీన్ మీద ఒక ఫాస్ఫేట్‌ను అతికించేలా చేస్తుంది. ఫాస్ఫేట్ అతుక్కున్న మయోసిన్ పక్కనున్న యాక్టిన్ తీగలను పట్టి లాగుతుంది. పట్టు విడవాలంటే రెండు పనులు జరగాలి. కాల్షియం తగ్గాలి, అతికిన ఫాస్ఫేట్ ఊడాలి. కైనేజ్ జీ రెండూ చేయిస్తుంది. కణం పైపొరలో పొటాషియం తలుపులు తెరిపిస్తుంది. పొటాషియం బయటికి పోతే కణం లోపలి విద్యుత్ పీడనం మరింత రుణంగా మారి కాల్షియం తలుపులు మూసుకుంటాయి. కణం లోపలి గోదాముల నుంచి కాల్షియం బయటపడకుండా ఆపుతుంది, బయటపడ్డదాన్ని మళ్ళీ గోదాములోకి తోడే పంపుకు ఊపు ఇస్తుంది. మయోసిన్ మీది ఫాస్ఫేట్‌ను ఊడదీసే ఎంజైమ్‌ను చురుకు చేస్తుంది. అప్పుడు ఉంగరం వదులవుతుంది, ముద్దకు దారి దొరుకుతుంది.

నన్ను ఇందులో పట్టి ఆపిన విషయం కాల్షియం. నరం కొసలో కాల్షియం పెరగడం వల్లే వాయువు పుడుతోంది. ఆ వాయువు పోయి కండరంలో కాల్షియాన్ని తగ్గిస్తోంది. కాల్‌మాడ్యులిన్ కూడా రెండు చోట్లా అదే. ఒకే పదార్థం ఒక ఇంట్లో "విడువు" అనే మాటకు ఆరంభం, పక్కింట్లో "పట్టు" అనే మాటకు ఆధారం. పాఠ్యపుస్తకంలో కాల్షియం అంటే ఎముకలు, పళ్ళు అని చెప్పి వదిలేయడం ఎంత నష్టమో నాకు అప్పుడు తెలిసింది.

ఆదేశం పుట్టడమే కాదు, చెరిగిపోవడం కూడా కావాలి. లేకపోతే ఆరు సెకన్ల తర్వాత ఉంగరం మళ్ళీ మూసుకోదు. సైక్లిక్ జీఎంపీని విరిచేసే పని ఫాస్ఫోడైఎస్టరేజ్ 5 అనే ఎంజైమ్‌ది. ఈ పేరు తెలియకపోయినా, దాన్ని ఆపే మందు పేరు దాదాపు అందరూ విన్నారు. సిల్డెనఫిల్, అంటే వయాగ్రా. గుండెనొప్పికి పనికివస్తుందేమోనని మొదలైన మందు అది. 1998 మార్చిలో అమెరికాలో అనుమతి వచ్చింది మాత్రం అంగస్తంభన సమస్యకు. పురుషాంగంలోని నునుపు కండరం మామూలుగా బిగిసి ఉండి రక్తాన్ని లోపలికి రానివ్వదు. ప్రేరణ కలిగినప్పుడు అక్కడి నరాలు నైట్రిక్ ఆక్సైడ్ వదిలితే కండరం వదులై రక్తం నిండుతుంది. మనిషి కణజాలంలో దీన్ని 1992లో రుజువు చేశారు. సిల్డెనఫిల్ తానుగా ఏ వాయువునూ పుట్టించదు. నరం పంపిన కబురు తొందరగా చెరిగిపోకుండా కాపాడుతుంది. నరమే కబురు పంపకపోతే కాపాడటానికి ఏమీ ఉండదు. షుగర్ ఏళ్ళ తరబడి ఉండి నరాలు దెబ్బతిన్నవాళ్ళకు, ప్రోస్టేట్ ఆపరేషన్‌లో నరం దెబ్బతిన్నవాళ్ళకు ఆ మందు కొన్నిసార్లు సరిగా పనిచేయకపోవడానికి ఒక కారణం ఇదే.

గుండెనొప్పి వచ్చినవాళ్ళు జేబులో పెట్టుకొని తిరిగే సార్బిట్రేట్ దీనికి ఎదురు కొస నుంచి వస్తుంది. నాలుక కింద పెట్టుకుంటే అది శరీరంలో నైట్రిక్ ఆక్సైడ్‌ను విడుదల చేస్తుంది. దాని అన్న నైట్రోగ్లిజరిన్. ఆల్‌ఫ్రెడ్ నోబెల్ డైనమైట్‌లో పెట్టింది దాన్నే. సింగరేణి ఇళ్ళల్లో, గనిలో పేలుళ్ళు జరిపే షాట్‌ఫైరర్ల పిల్లలుగా పెరిగినవాళ్ళకు డైనమైట్ అనే మాట చిన్నప్పటి నుంచీ తెలుసు. డైనమైట్ కార్ఖానాల్లో పనిచేసినవాళ్ళకు సోమవారం పొద్దున తల పగిలిపోయేది. ఆదివారం సెలవులో ఒంటికి అలవాటు తప్పి, మళ్ళీ ఆ పదార్థం తగలగానే తలలోని రక్తనాళాలు వదులయ్యేవి. 1879 నుంచే వైద్యులు దాన్ని గుండెనొప్పికి వాడుతున్నారు. 1896లో నోబెల్‌కే అది రాసిచ్చారు. అది పనిచేసేది నైట్రిక్ ఆక్సైడ్ ద్వారా అని మురాద్ 1977లో చూపించేదాకా, అంటే దాదాపు వందేళ్ళు, కారణం తెలియకుండానే వాడారు.

ఇక్కడ ప్రాణం మీదికి వచ్చే సంగతి ఒకటి ఉంది. సార్బిట్రేట్ వాయువును పెంచుతుంది, సిల్డెనఫిల్ దాని కబురు చెరగనివ్వదు. రెండూ ఒకే మనిషిలో కలిస్తే రక్తనాళాలన్నీ ఒక్కసారిగా వదులై బీపీ ప్రమాదకరంగా పడిపోతుంది. సిల్డెనఫిల్ వేసుకున్న 24 గంటల్లో, అదే తరహా మందు తడలఫిల్ వేసుకున్న 48 గంటల్లో సార్బిట్రేట్ లాంటి నైట్రేట్ మందులు వాడకూడదు. మొహమాటపడి ఆ మందు సంగతి దాచిపెట్టినవాళ్ళకు ఛాతీనొప్పి వచ్చినప్పుడు డాక్టర్ సార్బిట్రేట్ ఇవ్వవచ్చు. అందుకే ఆ క్షణంలో మొహమాటం వదిలి చెప్పాలి. ఇంట్లో వాళ్ళకు తెలిస్తే వాళ్ళైనా చెప్పాలి.

ఇదే విడుపు కబురు ఒంట్లో ఇంకా చాలా చోట్ల నడుస్తోంది. భోజనం మొదలుపెట్టగానే కడుపు పై భాగం వదులై, లోపలి ఒత్తిడి పెద్దగా పెరగకుండానే లీటరు దాకా పట్టించుకుంటుంది. షుగర్ వల్ల ఈ నరాలు దెబ్బతింటే నాలుగు ముద్దలకే కడుపు నిండినట్టు ఉంటుంది. మూత్రం పోసేటప్పుడు అది బయటికి పోయే దారి వదులయ్యేది దీనితోనే. ఊపిరి గొట్టాలను తెరిచి ఉంచే నరాలూ మనిషిలో ఇవే. నెల రోజుల పసివాళ్ళు పాలు తాగిన వెంటనే గోడకు తగిలేంత దూరం కక్కుకునే జబ్బు ఒకటి ఉంది. కడుపు నుంచి పేగులోకి పోయే ద్వారం కండరం దళసరై మూసుకుపోతుంది. ఆ కండరంలోని నరాల్లో నైట్రిక్ ఆక్సైడ్ చేసే ఎంజైమ్ లేదని 1992లో కనుగొన్నారు. ఏడాది తర్వాత ఆ ఎంజైమ్ జన్యువును పనిచేయకుండా చేసిన ఎలుకలు పుట్టాయి. వాటి కడుపు ఉబ్బిపోయి, కింది ద్వారం దళసరై ఉంది.

పెద్దమ్మ జబ్బు పేరు అకలేసియా. లక్ష మందిలో ఏడాదికి ఒకరికి వస్తుంది. దీన్ని పదిహేడో శతాబ్దంలోనే ఇంగ్లండ్‌లో థామస్ విల్లిస్ వర్ణించాడు. తిమింగలం ఎముక కొసకు స్పంజి కట్టి, ముద్దను కిందికి తోయించి ఒక రోగిని బతికించాడు. తర్వాత చాలాకాలం దీన్ని ఆ కండరం పట్టేయడం వల్ల వచ్చే జబ్బుగా భావించి అలాంటి పేరే పెట్టారు. ఇరవయ్యో శతాబ్దంలో పేరు మార్చారు. గ్రీకులో అకలేసియా అంటే విడవకపోవడం. ఆ పేరు మార్పులోనే అసలు విషయం ఉంది: కండరం అతిగా పట్టడం కాదు, విడవమనే మాట దానికి అందకపోవడం. ఆహారవాహిక గోడలో ఉండే విడుపు నరాల కణాలు నశించిపోతాయి. సొంత రోగనిరోధక వ్యవస్థే వాటి మీద దాడి చేస్తుందని ఎక్కువమంది శాస్త్రవేత్తల భావన. బిగించే నరాలు చాలావరకు మిగిలే ఉంటాయి. తూము ఉంది, మూసేవాడున్నాడు, నీరటి లేడు.

బేరియం పరీక్షకు నేనే తోడు పోయాను. సున్నం కలిపినట్టున్న తెల్లని చిక్కటి ద్రవాన్ని గ్లాసుతో ఇచ్చి తాగించి ఎక్స్‌రే తీశారు. ఫిల్మ్‌ను కిటికీ వెలుతురుకు పెట్టి చూశాను. రొమ్ము నడిమిలో లావుగా తెల్లని స్తంభం నిలబడి ఉంది. కిందికి వచ్చేకొద్దీ సన్నబడి, చివర పిట్ట ముక్కులా మొనదేలి ఆగిపోయింది. ఆ మొన దగ్గర రెండు మూడు సెంటీమీటర్ల మేర వాయువు లేదు. సంచెడు గ్యాస్ గోలీలు మింగిన మనిషికి నిజంగా కొరవడింది ఒక గ్యాసే. అది చూశాక నాకు కళ్ళనీళ్ళు ఆగలేదు. ఘనపదార్థమే కాదు, నీళ్ళు కూడా మొదటి నుంచీ ఆగడం ఈ జబ్బు తీరు. గడ్డ అడ్డం పడితే సాధారణంగా మొదట గట్టి తిండి ఆగుతుంది, నీళ్ళు చాలా తర్వాత ఆగుతాయి. రెండింటిలో ఏదైనా ఎండోస్కోపీ తప్పనిసరి, ఆలస్యం చేయకూడదు. పెద్దమ్మకు ఏడాదిన్నర పోయింది.

వాయువు లేదు కాబట్టి వాయువు ఇస్తే సరిపోదా అని డాక్టర్‌ను అడిగాను. తిండికి ముందు నాలుక కింద సార్బిట్రేట్ పెట్టుకుంటే ఉంగరం కొంత వదులయ్యే మాట నిజమేనట. అయితే ఆ మందు ఉంగరం దగ్గరికే కాదు, ఒంట్లోని ప్రతి రక్తనాళం దగ్గరికీ పోతుంది. తలనొప్పి వస్తుంది, కళ్ళు తిరుగుతాయి, కొన్నాళ్ళకు ఒంటికి అలవాటై పని తగ్గుతుంది. నరం చేసే పని అది కాదు. గుటక వేసిన ఆ ఎనిమిది సెకన్లకు, ఆ మూడు సెంటీమీటర్లకు సరిపడా వాయువును నరం చేస్తుంది, చెరిపేస్తుంది. అలాంటి మందు ఇప్పటిదాకా లేదు. పోయిన నరాన్ని తిరిగి మొలిపించే వైద్యమూ లేదు. అందుకని డాక్టర్లు కండరం వైపు నుంచి వస్తారు. బెలూన్‌తో సాగదీస్తారు, లేదా ఉంగరాన్ని కోస్తారు. 1913లో జర్మనీలో హెల్లర్ మొదలుపెట్టిన ఆ కోతను ఇప్పుడు బయట గాటు లేకుండా నోట్లోంచి ఎండోస్కోప్‌తో కూడా చేస్తున్నారు.

పెద్దమ్మకు అలాగే చేశారు. ఇప్పుడు ఆమె తూముకు తలుపు లేదు. తెరవాల్సిన పనీ లేదు, మూసుకునే అవకాశమూ లేదు. ముద్దను పై నుంచి కిందికి తోసే కండరాల అల కోత తర్వాత కూడా రాదు కాబట్టి ముద్ద తన బరువుతోనే జారాలి. అందుకే నిటారుగా కూర్చొని తింటుంది, ప్రతి రెండు ముద్దలకూ గుక్కెడు నీళ్ళు తాగుతుంది. మూత లేని దారి గుండా ఆమ్లం పైకి వస్తుంది కాబట్టి మంచం తలవైపు కోళ్ళ కింద ఇటుకలు పెట్టించాం, రాత్రి బువ్వ ఏడింటికే అయిపోతుంది. మొన్న పోయినప్పుడు మళ్ళీ సర్వపిండి చేసింది. ఒక ముక్క విరిచి, నమిలి, మింగి, చెంబు అందుకొని తాగి, ఒక్క క్షణం అలాగే చూసింది. రొమ్ము మీదికి చెయ్యి పోలేదు. రెండో ముక్క విరిచింది.